తప్పుడు లెక్కలతో అమ్మిన వాటా: ఫెడరల్ చట్టమా, రాష్ట్ర చట్టమా?

టెక్సాస్‌లో అపార్ట్‌మెంట్ల సముదాయంలో వాటా అంటూ తప్పుడు లెక్కలు చూపి డబ్బు తీసుకున్నవారిపై ఏ చట్టం కింద దావా వేయాలని అడిగారు. ఇతరుల కృషిపై లాభం ఆశించి ఉమ్మడి వ్యాపారంలో పెట్టిన సొమ్ము, 1946 నాటి అమెరికా సుప్రీంకోర్టు హోవీ తీర్పు ప్రకారం, సెక్యూరిటీయే (అంటే షేర్ల లాగే చట్టం నియంత్రించే పెట్టుబడే). సెక్యూరిటీల మోసాన్ని నిషేధించే ఫెడరల్ 10బి-5 నిబంధన కింద వెళ్తే, అవతలివారిది కేవలం అజాగ్రత్త కాదు, మోసబుద్ధి అని మీరే రుజువు చేయాలి. ఇది నిజంగా కష్టం. టెక్సాస్ సెక్యూరిటీల చట్టంలోనైతే ముఖ్యమైన విషయంలో అసత్యం చెప్పి అమ్మారని చూపితే, తమకు తెలియదనీ, తగిన జాగ్రత్తతోనూ తెలిసేది కాదనీ నిరూపించుకోవలసిన భారం అమ్మినవారిపై పడుతుంది. కాబట్టి నా దృష్టిలో రాష్ట్ర చట్టమే మీకు బలమైన ఆధారం. “ఇది నమోదు అక్కర్లేని ప్రైవేటు ఇష్యూ (ప్రజలందరికీ కాక కొందరికే అమ్మినది)” అని అమ్మినవారు ఇచ్చే సమాధానానికి వెనుకాడకండి. 1996 ఫెడరల్ సవరణ కొన్ని ఇష్యూలకు రాష్ట్ర నమోదును తప్పించిందే గాని, మోసంపై చర్య తీసుకునే రాష్ట్రాల అధికారాన్ని తొలగించలేదు. టెక్సాస్ చట్టం కింద దావా వేసే గడువు మాత్రం కఠినం: అసత్యం తెలిసిన, లేదా తగిన జాగ్రత్తతో తెలిసి ఉండాల్సిన నాటి నుంచి 3 ఏళ్లు, అమ్మిన నాటి నుంచి 5 ఏళ్లు, వీటిలో ఏది ముందైతే అది.