గడువు తీరిన బేబీ ఫుడ్: ప్యాకెట్ పారేశాక కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతిలోని ఎం.ఆర్.పల్లి. మావారి ఉద్యోగం బెంగళూరులో. మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తగారిని, చంటిపాపను ఇంట్లో వదిలి సూపర్‌మార్కెట్‌కు వెళ్లలేక, సరుకులన్నీ మావారి పేరున ఉన్న యాప్ ఖాతా నుంచే తెప్పించుకుంటున్నాను. 2024 ఆగస్టు 14న వచ్చిన సరుకుల్లో 312 రూపాయల బేబీ ఫుడ్ ప్యాకెట్ ఉంది. అది తిన్న మర్నాటి నుంచి తొమ్మిది నెలల మా పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచాము. 17వ తేదీన ఇంటికొచ్చి చూస్తే ప్యాకెట్ గడువు రెండు నెలల కిందటే ముగిసింది, లోపల పురుగులు కూడా కనిపించాయి. ఫొటో తీసి మావారికి వాట్సాప్‌లో, కంపెనీకి యాప్‌లో పంపాను. ‘మీ ఆర్డరులో గడువు తేదీ దాటిన వస్తువు చేరినందుకు చింతిస్తున్నాము, దాని ధర 312 రూపాయలు మీ వాలెట్‌లో జమ చేశాము’ అని ఆ రాత్రే మెయిల్ వచ్చింది. పాప ప్రాణానికి 312 రూపాయలు వెల కట్టినట్లు అనిపించి ఎంతో ఏడ్చాను. ఆ ప్యాకెట్‌ను మర్నాడే మున్సిపాలిటీ చెత్తబండిలో వేసేశాను. నా ఫోను తర్వాత పాడైపోయింది. ఇప్పుడు 20 లక్షల పరిహారానికి కేసు వేయాలని ఉంది. అదే రకం గడువు తీరిన ప్యాకెట్ ఇంకొకటి సంపాదించి కోర్టుకు చూపించవచ్చని మా మరిది అంటున్నాడు. పోలీసు కేసు కూడా పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పాప అనుభవించిన బాధ గురించి ఉంది. కేసును తేల్చేది మాత్రం ఆ బాధ కాదు. ఆగస్టు 14న మీ ఇంటికి చేరిన ఆ ప్యాకెట్టే, చేరిన నాటికే గడువు దాటి ఉందని మీరు రుజువు చేయగలరా, లేదా? మిగిలిన ప్రశ్నలన్నీ దీని తర్వాతనే వస్తాయి.

రుజువుకు మూలమైన వస్తువును మీరే చెత్తబండిలో వేశారు. ఇది చిన్న పొరపాటు కాదు. బిడ్డ ఆసుపత్రి పాలైన తర్వాత, గడువు తేదీని కళ్లారా చూసిన తర్వాత, కంపెనీకి ఫిర్యాదు కూడా చేసిన తర్వాత ఆ ప్యాకెట్‌ను ఒక కవరులో చుట్టి అటక మీద పడేసి ఉన్నా ఈ రోజు మీ పని సగం అయిపోయేది. అంతకన్నా పెద్ద అజాగ్రత్త, ఇన్నాళ్లు ఊరుకోవడం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన సంఘటన, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. గడువు తేదీని 17న గమనించాము కాబట్టి అప్పటి నుంచి లెక్క మొదలవుతుందని వాదించే అవకాశం ఉంది గాని, ఆ వాదన మీద మీ హక్కును పందెం కాయవద్దు. డెలివరీ తేదీ నుంచే లెక్కించుకోండి. ఆ లెక్కన 2026 ఆగస్టు 14తో కాలపరిమితి ముగుస్తుంది. మీ ఉత్తరం నా చేతికి అందేసరికి రెండు నెలలకు తక్కువే మిగిలింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల ఫిర్యాదులను విచారించే కమిషన్‌కు ఉన్నమాట నిజమే. అయితే ‘బాధతో ఊరుకున్నాను’ అనే మాట తగిన కారణంగా నిలబడడం కష్టం.

కంపెనీకి లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం చూద్దామని ఎవరైనా చెబితే, ఒక సంగతి గుర్తుంచుకోండి. నోటీసు పంపినంత మాత్రాన, ఉత్తర ప్రత్యుత్తరాలు సాగినంత మాత్రాన కాలపరిమితి పెరగదు. వినియోగదారుల ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా చట్టంలో లేదు. నోటీసు పంపదలిస్తే పంపండి గాని, ఫిర్యాదును దానికోసం ఒక్కరోజు కూడా ఆపవద్దు.

ఇక మీకు అవమానంగా తోచిన ఆ మెయిల్ సంగతి. మీ చేతిలో ఉన్న అన్ని కాగితాలలోకీ విలువైనది అదే. ‘కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని మాత్రమే రాసి ఉంటే అది మర్యాద మాట అయ్యేది, దాన్ని పట్టుకుని కంపెనీ తప్పు ఒప్పుకున్నట్లు ఎవరూ చెప్పలేరు. మీరు ఉటంకించిన మెయిల్ అలా లేదు. మీ ఆర్డరులో, గడువు తేదీ దాటిన వస్తువు, చేరింది అని అది విడమరచి చెబుతోంది. పారేసిన ప్యాకెట్ రుజువు చేయవలసిన మూడు అంశాలూ ఆ ఒక్క వాక్యంలో కంపెనీయే తన నోట చెప్పింది. అది దయతో ఇచ్చిన సొమ్మే తప్ప తప్పు ఒప్పుకోవడం కాదని వారు వాదిస్తారు, సందేహం లేదు. అప్పుడు ఆ రోజు మీరు పంపిన ఫొటోనూ, అదే రాత్రి వచ్చిన జవాబునూ పక్కపక్కన పెట్టి చూపించాలి. ఫొటో చూసి, తేదీ చదివి, ఆ తర్వాత రాసిన జవాబు అది అని కమిషన్‌కు అర్థం కావాలి.

కనుక ఈ రోజే చేయవలసిన పని, ఆ మెయిల్‌ను భద్రపరచడం. దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. మీ మెయిల్ పెట్టె నుంచే పంపినవారి, సమయపు వివరాలుండే పూర్తి హెడర్‌తో సహా ప్రింటు తీసి, అసలు మెయిల్‌ను అలాగే ఉంచండి. యాప్‌లోని ఆర్డరు పేజీని, బిల్లును, వాలెట్ జమ వివరాన్ని, ఫిర్యాదు సంఖ్యను వెంటనే తీసి పెట్టుకోండి. పాత ఆర్డర్ల సంభాషణలను యాప్ ఎన్నాళ్లు ఉంచుతుందన్నది మీ చేతిలో లేదు. మీ ఫోను పాడైనా మీవారి ఫోనులో ఆ ఫొటో చేరిన తేదీతో సహా ఉండి తీరాలి. ఆయన ఆ ఫోనును మార్చకూడదు, రీసెట్ చేయకూడదు, ఆ సంభాషణను తుడిచేయకూడదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం అవసరం. చట్టం షెడ్యూలులో ఇచ్చిన నమూనాలో మొదటి భాగంపై ఆ ఫోను ఎవరి అధీనంలో ఉందో వారు, అంటే మీవారు, సంతకం చేయాలి. రెండో భాగం నిపుణుడిది. అందులో ఫైలు హ్యాష్ విలువను, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తింపు సంకేతాన్ని, కూడా పేర్కొనాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నియమాలను సివిలు కోర్టంత బిగువుగా పాటించకపోయినా, ఎదుటి న్యాయవాది మొదటి అభ్యంతరం అక్కడే లేవదీస్తాడు కాబట్టి ఆ అవకాశం ఇవ్వకండి.

మీ మరిది సలహా దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. ఇంకో ప్యాకెట్ తెచ్చి ఇదే ఆ ప్యాకెట్ అని చూపించడం తప్పుడు సాక్ష్యాన్ని సృష్టించడమే. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 229 ప్రకారం న్యాయ విచారణలో వాడేందుకు అలాంటి సాక్ష్యం సృష్టించినందుకు ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మీరు అఫిడవిట్ మీద సంతకం చేస్తారు, ఆ సంతకం మీది, మీ మరిదిది కాదు. పైగా ఆ ఎత్తు పారదు. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, ఏ బ్యాచ్ ఏ గోదాముకు ఎప్పుడు వెళ్లిందో తయారీదారు రికార్డులతో కంపెనీ పోల్చి చూపిస్తుంది. అది బయటపడిన క్షణంలో నిజమైన ఆ మెయిల్, నిజమైన ఆ ఫొటో కూడా అనుమానానికి గురవుతాయి. మీ మరిది చెప్పిన మాటను ఇక ఎవరి దగ్గరా ఎత్తకండి, ముఖ్యంగా వాట్సాప్‌లో.

పురుగుల విషయాన్ని ఫిర్యాదులో ప్రధానాంశం చేయవద్దు. పరీక్ష లేకుండా తేల్చలేని లోపమైతే కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలని వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38 చెబుతోంది. పంపడానికి మీ దగ్గర నమూనా లేదు. పురుగులు మీ ఇంట్లోనే పట్టాయన్న వాదన కూడా వస్తుంది. గడువు తేదీకి ప్రయోగశాల అక్కర్లేదు, అది అచ్చులో కనిపించేదే. ఒక్క బలమైన ఆరోపణ పక్కన బలహీనమైనది చేర్చితే బలహీనమైనదాని మీదే వాదన నడుస్తుంది.

సూపర్‌మార్కెట్‌లో అయితే బుట్టలో వేసుకునే ముందు తేదీ చూసుకునే వీలు కొనుగోలుదారుకు ఉంటుంది. ఇంటికి తెప్పించుకునే సరుకులో ఆ వీలు లేదు, కాబట్టే చట్టం ఆ భారాన్ని అమ్మేవారి మీద మోపింది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వర్తించే వస్తువులకు గడువు తేదీని యాప్‌లో చూపించడానికి వీలుగా విక్రేత సమాచారం ఇవ్వాలి. మీరు ఆర్డరు పెట్టినప్పుడు ఆ తేదీ కనిపించలేదంటే అది ఒక ఉల్లంఘన, వేరే తేదీ కనిపించిందంటే అది తప్పుదోవ పట్టించడం. ఈ అంశాన్ని ఫిర్యాదులో తప్పక రాయించండి. ఇంటికి చేరే నాటికి ఆహార పదార్థానికి కనీసం 30 శాతం కాలం లేదా 45 రోజులు మిగిలి ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ-కామర్స్ సంస్థలకు 2024 నవంబరులో చెప్పింది. అది మీ ఆర్డరు తర్వాతి మాట, దాన్ని ఆధారంగా చూపకండి.

ఎవరి మీద వేయాలి? యాప్ నడిపే కంపెనీ, తాను మధ్యవర్తిని మాత్రమేనని అంటుంది. మీ బిల్లు తెరచి చూడండి, అమ్మినవారి పేరు చాలాసార్లు యాప్ పేరు కాదు. ఆ విక్రేత పేరు, జీఎస్టీ సంఖ్య, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య అందులో ఉంటే రాసుకుని, యాప్ కంపెనీనీ విక్రేతనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. సరుకు తెచ్చిచ్చిన కుర్రవాడిని చేర్చకండి. సంచి విప్పే అధికారం కూడా అతనికి ఉండదు. ఖాతా మీవారి పేరున ఉంది కాబట్టి ఆయన, మీరు, పాప ముగ్గురూ ఫిర్యాదిదారులుగా ఉండడం మంచిది. కొన్నవారి అనుమతితో వాడుకున్నవారు కూడా వినియోగదారులే, మైనరు తరఫున తల్లిదండ్రులు వేయవచ్చు. వివాదాలు ఫలానా నగరంలోనే తేల్చుకోవాలని యాప్ షరతుల్లో రాసి ఉన్నా భయపడకండి. ఫిర్యాదిదారు నివసించే చోటనే ఫిర్యాదు వేసే హక్కును వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 34 ఇచ్చింది. కనుక తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. వివాదాన్ని ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట ప్రైవేటు తీర్పరి ముందు తేల్చుకోవాలన్న షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ అధికారం పోదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది.

పరిహారం విషయంలో మీ 20 లక్షలు నాకు సమంజసంగా తోచడం లేదు. ఆహార భద్రతా చట్టం, 2006 తన సెక్షన్ 65లో, తీవ్రం కాని హానికి ఒక లక్షకు మించని పరిహారాన్నే పేర్కొంది. అది వేరే చట్టం, వేరే ప్రక్రియ. అయినా చట్టసభ దేనికి ఎంత అని చూసిందో అందులో కనిపిస్తుంది. అతిగా అడిగినవారిని కమిషన్ అనుమానంగా చూస్తుంది. ఆసుపత్రి బిల్లులు, మందుల ఖర్చు, మానసిక వేదనకు ఒక మితమైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి. ఆ అనారోగ్యం ఆ ఆహారం వల్లనే వచ్చిందని తేలాలి కదా! డిశ్చార్జి కాగితంలో వాంతులు, విరేచనాలు అని మాత్రమే ఉంటే చాలదు. పాప ఏమి తిన్నదని చేర్పించిన రోజు డాక్టరుకు మీరు చెప్పిన మాట కేస్ షీటులో నమోదైందా అన్నది ముఖ్యం. ఆసుపత్రులు ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఆ మాట కేస్ షీటులో లేకపోతే వైద్య ఖర్చు కోరిక బలహీనపడుతుంది, గడువు తీరిన వస్తువు అమ్మిన లోపం మాత్రం అలాగే నిలుస్తుంది.

పోలీసుల దగ్గరకు వెళ్లడం వృథా. గడువు తీరిన ఆహారం అమ్మకంపై ఆహార భద్రతా చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు ఏడాది కాలపరిమితి, ఆహార భద్రతా కమిషనరు కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్లు. నమూనాయే లేనిచోట ఆ అనుమతి దొరుకుతుందని నేను అనుకోను.

ఫిర్యాదును ఈ-జాగృతి అనే ప్రభుత్వ వినియోగదారుల పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వస్తువుకు మీరు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం కూడా తప్పనిసరి కాదు. జూలై ముగిసేలోపే దాఖలు చేసి, రసీదు సంఖ్య ప్రింటు తీసి పెట్టుకోండి. వాలెట్‌లో వేసిన 312 రూపాయలు వాడుకున్నా ఫరవాలేదు, అది వస్తువు ధర మాత్రమే. అయితే ఇకముందు కంపెనీ పంపే ఏ మెయిల్‌కూ ‘అంగీకరిస్తున్నాను’ అని జవాబు ఇవ్వకండి, యాప్‌లో ‘సమస్య పరిష్కారమైంది’ అన్న మీట నొక్కకండి. కమిషన్ మిమ్మల్నీ కంపెనీనీ రాజీ కోసం మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) పంపితే వెళ్లండి. అక్కడ కుదిరిన మొత్తాన్ని వాలెట్‌లో కాక బ్యాంకు ఖాతాలో, ఫలానా తేదీలోపు జమ చేస్తామన్న మాటతో ఒప్పందంలో రాయించుకోండి.