ఫౌంటెన్ ఉన్న చిన్న తొట్టిలో తామరా, గుర్రపు డెక్కా?

అమలాపురంలో ఇంటి ముందు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున సిమెంటు తొట్టి కట్టించి మధ్యలో ఫౌంటెన్ పెట్టిస్తున్నామన్నారు. మీకేమో తామర మీద మనసు, ఇంట్లో వాళ్ళేమో ఊరికే దొరికే గుర్రపు డెక్క చాలంటున్నారు. కొత్తపేట దగ్గర మా ఇంట్లోనూ ఇంచుమించు అంతే తొట్టి ఉందండి. నన్నడిగితే రెండూ వద్దు, కలువ వేసుకోండి.

ముందు ఫౌంటెన్ సంగతి చూడాలి. కలువకి కదలని నీళ్ళు కావాలి. దాని ఆకు గాలి పీల్చుకునే రంధ్రాలు పైవైపునే ఉంటాయి. అస్తమానం తుంపర పడుతుంటే ఆకులు కుళ్ళి మొక్క నీరసించిపోతుంది. పైపు ఇంకా బిగించకపోతే ఫౌంటెన్‌ని ఒక మూలకి జరిపించండి. రోజుకి కనీసం అయిదారు గంటలు ఎండ తగిలే రెండో మూల కలువకి వదిలేయండి. తుంపర పడే వైపు మెట్టతామర, చేమ, నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అనే తుంగ జాతి మొక్క పెట్టుకోవచ్చు. వీటికి తడి ఎంతైనా ఫరవాలేదు. కుండీల కింద ఇటుకలు పేర్చి, అంచు నీటి మట్టానికి కాస్త కిందుగా ఉండేలా చూస్తే చాలు.

తామర నీళ్ళ మీద రెండు మూడడుగులు లేస్తుంది, ఇక మీ ఫౌంటెన్ ఎవరికీ కనపడదు. అంతగా ఆశ ఉంటే విడిగా ఒక గుండ్రటి టబ్బులో వేసుకోండి. మూలలున్న టబ్బయితే పాకే దుంప మూలలో ఇరుక్కుని ఆగిపోతుంది.

కలువ కొనడానికి కడియపులంక నర్సరీలకి వెళితే రంగు తర్వాత, ముందు పగలు పూసేదా రాత్రి పూసేదా అని అడగండి. సూర్యుడికి తామర, చంద్రుడికి కలువ అని కవులు రాసుకున్నారు గానీ నీలి కలువ వాళ్ళ మాట వినదు, పగలే పూస్తుంది. మన చెరువుల్లో కనపడే ఎర్ర కలువ చీకటిపడేటప్పుడు విచ్చి మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది. ఉద్యోగాలకి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళకి ఇదే మేలు.

నాటడానికి కుండీ మిశ్రమాలు, కొబ్బరి పొట్టు కొనకండి. అవి పైకి తేలి నీళ్ళు పాడుచేస్తాయి. మన జిగురు ఒండ్రుమట్టిని మించింది లేదు. వెడల్పాటి టబ్బు అడుగున బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు వేసి, పైన మట్టిని ముద్దగా పిసికి నింపండి. మొలక తల బయటికి కనపడేలా దుంప పెట్టి, చుట్టూ అంగుళం మందాన ఇసుక పరిస్తే చేపలు మట్టి లేపవు. టబ్బుని ఒకేసారి అడుక్కి దించేయకండి. మొదట మొలక మీద జానెడు నీళ్ళుంటే చాలు, ఆకులు పైకొచ్చే కొద్దీ కింద ఇటుకలు తీసుకుంటూ రండి.

తొట్టి కొత్తది కాబట్టి నీళ్ళలోకి సున్నం దిగుతుంది. నాలుగైదు రోజులు నింపి ఉంచి, పారబోసి, మళ్ళీ నింపండి. మా పక్క అరటి బోదె ముక్కలు వేసి కూడా నానబెడతారు. అంతకన్నా పెద్ద చిక్కు ఉప్పుతో. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక బోరు నీళ్ళే గతి. సముద్రం వైపు ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పే. కొబ్బరిచెట్టు తట్టుకునే ఉప్పు కలువ తట్టుకోదు, ఆకు అంచులు మాడతాయి. మీ బోరు ఉప్పదైతే వాన నీళ్ళు పట్టి ఉంచుకోండి.

గుర్రపు డెక్క ఎందుకు వద్దంటున్నానో మీ ఊరి కాలువ చూస్తే తెలుస్తుంది. వేసిన కొన్నాళ్ళకే తొట్టంతా కప్పేస్తుంది, ఏరి పారేసే పని మీ నెత్తినే పడుతుంది. ఇప్పటికే వేసి ఉంటే, ఏరినదాన్ని కాలువలో మాత్రం పడేయకండి. ఎండబెట్టి పెంటకుప్పలో వేయండి. నీడకి కలువ ఆకులే చాలు. నీటిలో సగం కప్పితే నీళ్ళు పచ్చబడటం చాలావరకు తగ్గుతుంది.

దోమలకి గప్పీ చేపలు నాలుగు వదలండి, పిల్లలు పెట్టి అవే పెరుగుతాయి. ఆకుల మీద పేనుబంక అనే సన్నటి పురుగులు కనపడితే పైపుతో నీళ్ళు కొట్టి తొట్టిలోకి రాల్చేయండి, చేపలు తినేస్తాయి. పురుగుమందు జోలికి మాత్రం వెళ్ళకండి, పేనుబంక కంటే ముందు చేపలు చస్తాయి.