టౌన్స్ వాన్ జాంట్ మొదటి ఆల్బమ్‌లో గొంతు మునిగిపోయినట్టు ఎందుకుంది?

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత టౌన్స్ వాన్ జాంట్ మొదటి ఆల్బమ్, 1968 నాటి ‘ఫర్ ద సేక్ ఆఫ్ ద సాంగ్’లో గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, ఈక్వలైజర్‌తో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) బాగవుతుందా అని అడిగారు. కొంతవరకే అవుతుంది. లోపం మీ హెడ్‌ఫోన్స్‌ది కాదు.

ఒక గొంతు, ఒక గిటారు సరిపోయే పాటలివి. నిర్మాతలు జాక్ క్లెమెంట్, జిమ్ మలాయ్ వాటికి అమెరికా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ హంగులన్నీ తొడిగారు. వెనకాల బృందగానం, తాళవాద్యాలు, అన్నిటి మీదా దట్టమైన రివర్బ్, అంటే పెద్ద హాల్లో పాడినట్టు కలిపే ప్రతిధ్వని. ఒక మాట తాలూకు ప్రతిధ్వని ఆరకముందే తర్వాతి మాట వచ్చిపడుతుంది, హల్లులు అందులో కరిగిపోతాయి. మాటల మీదే నిలబడే పాటకి ఇంతకన్నా నష్టం లేదు.

ముందు ఫోన్‌లో ‘సరౌండ్’ లాంటివేవైనా ఉంటే ఆపేయండి, అవి ఇంకాస్త ప్రతిధ్వని కలుపుతాయి. తర్వాత ఈక్వలైజర్‌లో 250–400 హెర్ట్జ్ దగ్గర 2–3 డెసిబెల్స్ తగ్గించి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 1–2 పెంచండి. అంతకు మించితే ‘స’కారాలు బుసకొడతాయి, వెనకాల బృందగానం కూడా పైకి లేస్తుంది. రివర్బ్ ఉండేది గొంతు ఉన్న ఫ్రీక్వెన్సీల్లోనే కాబట్టి దాన్నొక్కదాన్నే కోసెయ్యడం ఈక్వలైజర్ వల్ల కాదు.

అసలు మందు, ఆయనే మళ్లీ పాడిన రికార్డింగులు. టైటిల్ పాట, ‘వెయిటింగ్ అరౌండ్ టు డై’, ‘మరియా’, ‘ఐల్ బి హియర్ ఇన్ ద మార్నింగ్’ నాలుగూ 1969లో తన పేరుతోనే వచ్చిన మూడో ఆల్బమ్‌లో ఉన్నాయి. ‘శాడ్ సిండరెల్లా’ 1972 నాటి ‘ద లేట్ గ్రేట్ టౌన్స్ వాన్ జాంట్’లో దొరుకుతుంది. పాత, కొత్త రూపాలు వెంటవెంటనే వినండి, కానీ వాల్యూమ్ సమానం చేసుకున్నాకే. లేకపోతే ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది.

‘టికమ్సే వ్యాలీ’ని మాత్రం తప్పకుండా పోల్చి చూడండి. గని కార్మికుడి కూతురు కారొలైన్ పని వెతుక్కుంటూ వచ్చిన కథ అది. తండ్రి పోయాడని తెలిశాక, మొదటి ఆల్బమ్‌లో ఆమె దారి పట్టి నడిచిపోతుంది, అంతే. 1969 నాటి ‘అవర్ మదర్ ద మౌంటెన్’లో వీధిన పడి ఒళ్లమ్ముకుంటుంది. ఆ ఒక్క మాట మెత్తబడితే చివర్లో ఆమె చావుకి కారణమే పలచబడిపోతుంది. నా దృష్టిలో రివర్బ్ కన్నా పెద్ద లోపం ఇదే.

ఆ తర్వాత కచేరీ ఆల్బమ్ ‘లైవ్ ఎట్ ది ఓల్డ్ క్వార్టర్’. 1973 జులైలో హ్యూస్టన్‌లో రికార్డు చేశారు, 1977లో విడుదలైంది. ఒక్క గిటారు, ఒక్క గొంతు. ఈక్వలైజర్ పూర్తిగా ఆపేసి వినండి.