మిర్యాలగూడలో కొన్ని రైస్ మిల్లులు ఇంకా విండోస్ 7 ఎందుకు వదలవు?

పిసినారితనం అనుకోకండి, చిక్కంతా కాంటా కాడ ఉంది. లారీ బరువు, అంకె చూపించే ఇండికేటర్ డబ్బా నుంచి 9 పిన్నుల సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌కు వస్తుంది. కొత్త సిస్టమ్‌లలో ఆ పోర్టు సాధారణంగా ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే పోర్టు నంబరు మారి తెరమీద బరువు కనబడదు; విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పాత నంబరే, అంటే కామ్ 1 (COM1) ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. కాంటా సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చే పాత డాంగిల్‌కు కొత్త విండోస్‌లో నడిచే డ్రైవర్ దొరక్కపోతే మాత్రం సాఫ్ట్‌వేరే మళ్లీ కొనాలి. పైగా విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ తప్పనిసరి, అంటే మిషనూ కొత్తదే. వడ్ల సీజన్‌లో లారీలు బారులు తీరినప్పుడు ఈ పని ఎవరూ పెట్టుకోరు, అది న్యాయమే.

కానీ విండోస్ 7కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగాయి. కాంటా కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. సీజన్ అయ్యాక కొత్త డిస్కులో కొత్త విండోస్ ఎక్కించి చూడండి, పాత డిస్కు చెరపకుండా దాచండి.