వానలు మొదలవకముందే, చిన్నీకి

చిన్నీ,

కొత్త ఇల్లు సముద్రానికి దగ్గరని, పెరటి వెనకే వాగు ఉందని, కిటికీ తీస్తే గాలి హాయిగా వస్తోందని రాశావు. సంతోషం తల్లీ. కానీ చదివిన దగ్గర్నుంచి నా ధ్యాసంతా ఆ వాగు మీదే ఉంది. మీ పెదనాన్నా నేనూ నలభై ఏళ్ళు వాగు సముద్రంలో కలిసే చోటే కాపురం చేశాం. అందుకే చెబుతున్నా, విను.

ఆకస్మిక వరద నీ ఇంటి మీద కురిసే వానతోనే రావాలని లేదు. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియా దగ్గర ఎగువన తురీస్‌లో ఒక్కరోజే 770 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. దిగువన కొన్ని ఊళ్ళలో చెప్పుకోదగ్గ వానే లేదు. సాయంత్రానికి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వాగు వీధుల మీద పడింది. 200 మందికి పైగా పోయారు. కారు పైకి తెచ్చుకుందామని సెల్లార్‌లోకి దిగి, మళ్ళీ పైకి రాలేకపోయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అందుకని వాతావరణ హెచ్చరికలో నీ ఊరి పేరొక్కటే చూసి ఊరుకోకు. ఆ వాగు ఎక్కడ పుట్టిందో కనుక్కుని, అటువైపు ఎంత వాన పడుతుందన్నారో చూడు. చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్లు పడితే 10 కోట్ల లీటర్ల నీళ్ళు. నేల ఎంత పీల్చుకున్నా, మిగిలిందంతా నీ పెరటి వెనక నుంచే దిగాలి.

సముద్రం పక్కన ఇంకో చిక్కుంది. పోటు మీదున్నప్పుడు సముద్రం వాగు నీళ్ళని లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మరీ ఎక్కువ. 2005 జులై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు కురిసినప్పుడు, మధ్యాహ్నం పోటు కూడా అదే సమయానికి రావడంతో నీళ్ళు పోయే దారి లేకపోయింది. పోటు వేళలు ముందే లెక్కకట్టి ప్రకటిస్తారు. భారీ వాన అన్న రోజున ఆ పట్టిక కూడా చూసుకో.

మా ఇంట్లోకి నీళ్ళు వచ్చిన రాత్రి మేం వీధి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం. అవి మాత్రం ముందు స్నానాల గదిలోంచి వచ్చాయి. తూములోంచి బుడగలు, బురద వాసన, ఆ వెనకే ఎర్రనీళ్ళు. అప్పుడే మెట్లెక్కేసి ఉండాల్సింది. నేను కాగితాల పెట్టె కోసం వెనక గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. అవతల రెండడుగుల నీళ్ళు నిలిస్తే తలుపు మీద 150 కిలోలకు పైగా బరువు పడుతుందని నాకు తర్వాత తెలిసింది. మీ పెదనాన్న కిటికీ ఊచలు వంచి నన్ను బయటికి లాగారు. ఆ పెట్టెలో ఉన్నవి ఏ ఆఫీసుకు వెళ్ళినా మళ్ళీ ఇచ్చే కాగితాలే. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు కాళ్ళు వణుకుతాయి.

కాబట్టి ఎప్పుడు కదలాలో ఇప్పుడే, ఎండ ఉండగానే తేల్చుకో. నీళ్ళొచ్చాక మనసు ‘ఇంకాస్త చూద్దాం’ అంటుంది. మేడ మీద నుంచి కల్వర్టు కనబడితే, దాని గోడ మీద ఒక గుర్తు పెట్టుకో. నీళ్ళు అక్కడికి తాకితే ఇంకేం ఆలోచించకుండా బయల్దేరు. వాగు రంగు ఒక్కసారి మారినా, పుల్లలూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు వినబడినా గుర్తు దాకా కూడా ఆగకు. రాత్రికి భారీ వాన అంటే వెలుగుండగానే వెళ్ళిపో. వాన రాకపోతే పొద్దున్నే తిరిగొస్తావు, అంతేగా.

ఎటు వెళ్ళాలన్నది కూడా చూసుకో. దగ్గర దారి వాగు దాటేదైతే అది నీకు దారి కాదు. పారే నీళ్ళు చీలమండ దాటితే చాలు, మనిషిని పడేస్తాయి. అడుగు లోతు చిన్న కారుని తేల్చేస్తుంది, రెండడుగులు పెద్ద బండిని కూడా లాక్కుపోతాయి. పైగా అడుగున రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి కనబడదు. ముందు బండి దాటింది కదా అని నువ్వూ దిగకు. దారి మూసుకుపోతే గట్టి మేడ ఎక్కి అక్కడే ఉండు.

సంచి ఒకటి సర్ది పెట్టుకో: మందులు, టార్చి, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, తాగే నీళ్ళు, ప్లాస్టిక్ కవర్లో కాగితాల నకళ్ళు. కాళ్ళ కింద నేల పొడిగా ఉన్నప్పుడే మెయిన్ స్విచ్ ఆపు. తడిలో నిలబడి దాని జోలికి పోకు. ఇన్వర్టర్ కింద ఉంటే ఈ వారమే పైకి ఎత్తించు.

నీళ్ళు తీశాక తొందరపడి లోపలికి వెళ్ళకు. కర్రతో తడుముతూ నడువు, మూత లేని మ్యాన్‌హోళ్ళుంటాయి, మూలల్లో పాములు చేరతాయి. కాలికి గాయముంటే ఆ నీళ్ళలో అసలు దిగకు. తాగే నీళ్ళు మరగబెట్టుకో.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుందన్నావు. ఆవిడ మెట్లు ఎక్కగలరా అని అడిగి తెలుసుకో. ఎక్కలేకపోతే మీరిద్దరూ అందరికంటే ముందు కదలాలి. ఈ ఆదివారం ఆవిడ చెయ్యి పట్టుకుని మిట్ట దాకా నడిచి చూడు. ఎంతసేపు పట్టిందో సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు, కనిపెట్టుకుని ఉంటాను.

మీ పెద్దమ్మ