అడవి పక్క ఊళ్లలో ఎమ్మెల్యే మాటని ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ఎమ్మెల్యే ఒక సభలో పోడుకి, అంటే అడవి కొట్టి చేసుకునే సాగుకి, పట్టాలు ఇప్పిస్తా అంటాడు, ఇంకో సభలో అడవిని కాపాడుకుందాం అంటాడు, ఆయన అసలు ఎటువైపు అని అడిగారు. ఎటువైపో నాకు తెలీదు గానీ, ఆయన చెప్పే పని ఆయన చేతిలో ఉందా లేదా అన్నది ముందు చూడండి. నేను దెబ్బతిన్నాకే ఇది నేర్చుకున్నా.

మాది తెలంగాణలో అడవి అంచు ఊరు, గిరిజన కుటుంబం. బాపు మూడెకరాల పోడు చేసేవాడు. 2022లో పోడు భూముల సర్వే జరిగినప్పుడు ఊరంతా కలిసి ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగాం. వెళ్లినప్పుడల్లా "నేనున్నా కదా, టెన్షన్ పడకండి" అని చాయ్ తాగించి పంపేవాడు. తీరా తెలిసిందేంటంటే, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా తేల్చే కమిటీల్లో ఎమ్మెల్యేకి అసలు కుర్చీయే లేదు. దరఖాస్తు గ్రామసభలో మొదలై, డివిజన్ కమిటీ దాటి, కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీ దగ్గర తేలుతుంది. 2005 డిసెంబర్ 13 నాటికే భూమి సాగులో ఉన్నట్టు మనం చూపించుకోవాలి.

మమ్మల్ని కాపాడింది ఓ జుర్మానా రసీదు. అడవి కొట్టావని 1990ల్లో బాపుకి వేసిన ఫైన్ అది. ట్రంకుపెట్టె అడుగున చీరల కింద పెట్టాడు, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది, ఫారెస్టు బీట్ ముద్ర మాత్రం కనిపిస్తోంది. బయటపడితే మళ్లీ కేసు పెడతారని ఇన్నేళ్లూ దాచాడు పాపం, అదే సాక్ష్యమైంది. ప్రభుత్వ రికార్డు కదా! మీ ఇళ్లల్లో కూడా వెతకండి.

మరి ఎమ్మెల్యే చేతిలో ఏముంది అంటే, చాలానే ఉంది, అవి మాత్రం సభల్లో మాట్లాడరు. మాకు రెండెకరాల సొంత పట్టా చెలక కూడా ఉంది. దాని గట్ల మీద టేకు మొలిస్తే బాపు చిన్నగా ఉన్నప్పుడే పీకేసేవాడు, పెరిగాక కొట్టాలంటే పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ ఎవడు తిరుగుతాడని. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, పెట్టిన తిప్పలు ఇవి. అది రాష్ట్ర చట్టం, మార్చాలంటే అసెంబ్లీలోనే మార్చాలి. రైతు గట్టు మీద చెట్టు బతకడానికి ఒక్క మాట మాట్లాడనివాడు వేదికెక్కి హరితం హరితం అంటే నాకు నవ్వొస్తుంది. అడవి పందులు చేతికొచ్చిన మక్కని రాత్రికి రాత్రి తొక్కేస్తే ఇచ్చే పరిహారమూ రాష్ట్రం ఇచ్చేదే, ఆ డబ్బు ఎన్ని నెలలకి వస్తోందో ఆయన్నే అడగండి.

ఇంకోటి, 2005 తర్వాత నరికిన భూమికి కూడా పట్టా ఇప్పిస్తా అనేవాణ్ని అస్సలు నమ్మొద్దు. ఆ మాట నమ్మి మా పక్క ఊరి కుర్రాళ్లు కొత్తగా అడవి కొట్టారు, ఇప్పుడు వాయిదాలకి తిరుగుతున్నారు, చెప్పినాయన ఫోన్ ఎత్తడు.

రోడ్డు సంగతి కూడా రాశారు, "ఫారెస్టోళ్లు అడ్డం పడుతున్నారు" అని మీ ఎమ్మెల్యే తప్పించుకుంటున్నాడని. పెద్ద ప్రాజెక్టులకైతే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి, నిజమే. కానీ ఊరి రోడ్డు, బడి, అంగన్‌వాడీ, కరెంటు లైను, మంచినీళ్ల పైపు లాంటి వాటికి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లోనే దారి ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు కావాలి. ముందు ఆ తీర్మానం రాయించండి. కాపీ పట్టుకుని వెళ్లి, నిధులు ఎప్పుడు పెడతారని నలుగురి ముందు అడగండి. ఫోన్లో ఫోటో చూపిస్తే పీఏకి వాట్సాప్ చేయమంటారు, కాగితమే చేతికివ్వండి.