చమురు జోరు తగ్గాక పల్లె ఎలా నిలబడుతుంది?

బావులు తగ్గిపోతే చమురు మీద పెరిగిన ఊరు ఖాళీ అయిపోతుందా అన్నది చెన్నై మణలిలో రిఫైనరీ దగ్గర నివసించే మన తెలుగువారికి సహజంగానే కలిగే సందేహం. ప్రతిచోటా అలా జరగదు. కెనడాలోని ఆంటారియోలో ఉన్న ఆయిల్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరే అందుకు ఉదాహరణ.

1858లో జేమ్స్ మిల్లర్ విలియమ్స్ అక్కడ చమురు తీయడం మొదలుపెట్టారు. 1862లో హ్యూ నిక్సన్ షా తవ్విన బావి నుంచి ముడిచమురు ఆపలేనంత ఉధృతంగా ఎగజిమ్మి వాగులోకి పారడంతో, ఆ చిత్తడి నేలకు జనం పోటెత్తారు. 1866లో సమీపంలోని పెట్రోలియాలో పెద్ద నిల్వలు బయటపడగానే చాలామంది అటు తరలిపోయారు.

అయినా ఆ ఊరు చమురును వదులుకోలేదు. దానికి ముఖ్య కారణం జాన్ హెన్రీ ఫెయిర్‌బ్యాంక్ 1860లలో ప్రవేశపెట్టిన పొదుపైన పద్ధతేనని నా నమ్మకం. అందులో నేలకు కాస్త ఎత్తున వేలాడే పొడవాటి చెక్క కడ్డీలు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒకే ఇంజను శక్తిని దూరదూరంగా ఉన్న అనేక బావులకు చేరవేస్తాయి కాబట్టి, కొద్దిపాటి చమురే ఇచ్చే బావి కూడా గిట్టుబాటవుతుంది. ఎంతో మెచ్చుకోదగిన ఈ ఏర్పాటు ఆయన పేరిటి చమురు క్షేత్రంలో, గొర్రెలు మేసే పచ్చిక మధ్య, శతాబ్దం దాటాక కూడా పనిచేస్తూ వచ్చింది. విలియమ్స్ బావి ఉన్నచోట ఇప్పుడు చమురు మ్యూజియం ఉంది.